మొదటి జవాబులో లేని పగులు

నా పేరు నొర్‌హయాతి బింతి సుహైమి. వయస్సు నలభై ఒకటి. క్లాంగ్‌లో కాంక్రీటు పనులు చేసే చిన్న సంస్థలో పదకొండేళ్లుగా గుమాస్తాను. మా యజమాని చూంగ్ వా కిట్. మేమందరం తౌకే అని పిలుస్తాం. ఈ రోజు, 2022 సెప్టెంబరు 9న, ఉదయం 11 గంటలకు నేనే పోలీసు స్టేషనుకు వచ్చాను. ఎవరూ బలవంతపెట్టలేదు. మంచినీళ్లు ఇచ్చారు.

మేము ఒక అంగళ్ల భవనంలో కార్లు నిలిపే మొదటి అంతస్తుకు స్లాబు వేశాం. మాకు ఆ పని ఇచ్చిన పెద్ద కాంట్రాక్టరు మా బిల్లు ఆపేశాడు. జూలై 4న చట్టప్రకారం నోటీసు ఇచ్చాం. పది పనిదినాల్లో వాళ్లు జవాబివ్వాలి. దేన్ని ఒప్పుకోరో, ఎందుకో అందులో చెప్పాలి. వాళ్లు ఒకే వాక్యం రాశారు: పని ఆలస్యమైంది, ఇవ్వం. తగవు, ఇలాంటి బిల్లుల గొడవలు తేల్చే తీర్పరి దగ్గరికి వెళ్లింది. ఆవిడ కౌలాలంపూర్ ఇంజినీరు సెలినా డిక్రూజ్. ఆవిడ ముందు వేసిన రెండో జవాబులో వాళ్లు కొత్త మాట చేర్చారు: స్లాబు పగిలింది.

తౌకే నవ్వాడు. "మొదటి జవాబులో లేదుగా హయాతీ! బండి వెళ్లిపోయాక చెయ్యెత్తితే ఆగుతుందా?"

సెప్టెంబరు 6 ఉదయం 10:15కి తీర్పరి ఉత్తరం వచ్చింది. మొదటి జవాబులో రాయనంత మాత్రాన ఆ వాదన వినకూడదని లేదు, స్థలాన్ని స్వయంగా చూసే అధికారం నాకుంది, 8న తొమ్మిదింటికి వస్తాను అని. తౌకే మళ్లీ నవ్వలేదు.

ఆ మధ్యాహ్నమే పగులు మీద సిమెంటు పూయించాడు. ఆ స్లాబు పోసినప్పుడు తీసిన కాంక్రీటు దిమ్మల బలపరీక్షలో ముప్పై మెగాపాస్కళ్లు రావాలి, పందొమ్మిదే వచ్చింది. అదే రోజు నేను రిజిస్టరులో దాన్ని ముప్పై ఒకటి అని రాశాను. నీలం పెన్నుతో. చివరి అంకె దగ్గర కాగితం చిరిగింది.

స్లాబు కింద రొగయా అక్క నాసి లెమాక్, అదే కొబ్బరిపాల అన్నం, అమ్ముతుంది. ఎనిమిది బల్లలు. ఆ రెండు రోజులూ అక్కడే తిన్నాను. ఎందుకో తెలియదు. పైకి చూస్తూ తిన్నాను.

"ఏంటే, పైన బల్లి ఉందా?" అంది అక్క.

"లేదక్కా" అన్నాను. మళ్లీ పైకే చూశాను.

8న తొమ్మిదింటికి తీర్పరి వచ్చారు. రెండు పక్షాలవాళ్లం స్లాబు పైన ఉన్నాం. ఆవిడ పూత మీద బొటనవేలు ఆనించారు.

"ఇంకా పచ్చిగానే ఉందే. ఎప్పుడు పూశారు?"

"రెండు నెలలైంది మేడమ్" అన్నాడు తౌకే.

ఆవిడ నా చేతిలోని రిజిస్టరు తీసుకుని ఆ పుట తెరిచారు. "ఇది మీ రాతేనా అమ్మా?"

కింద అక్క బల్లలు జరుపుతున్న చప్పుడు. ఒక బల్ల, ఇంకో బల్ల. తౌకే నన్ను చూడలేదు, నా చెప్పులు చూస్తున్నాడు.

"ఆ అంకె అబద్ధం మేడమ్. పందొమ్మిది. కింద జనం ఉన్నారు" అన్నాను. అప్పుడు 9:40.

"భవనం ఖాళీ చేయించే అధికారం నాకు లేదు. నోరైతే ఉంది" అంటూ ఆవిడే కిందికి పరుగెత్తి అందర్నీ బల్లల దగ్గర్నుంచి లేపి బయటికి పంపారు. పూత గీకితే పగుల్లో ఐదు సెన్‌ల నాణెం నిలువునా దూరింది. పన్నెండుకల్లా భవనం వాళ్లు ఇనుప ఊతాలు పెట్టించారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఈ రోజు ఉదయం 7:10కి తౌకే ఫోను చేశాడు. "నీ కూతురి బడి ఒంటిగంటకే కదూ వదిలేది?" అని పెట్టేశాడు. అది బెదిరింపో కాదో నేను చెప్పలేను. రెండేళ్లు ఆ పిల్ల ఫీజు కట్టింది ఆయనే. పిల్లను మా చెల్లెలింటికి పంపి ఇక్కడికి వచ్చాను.

దీన్ని నాకు మలయ్‌లో చదివి వినిపించారు. "నాతో రాయించారు" అని ఉన్నచోట కొట్టేయించి "నేను రాశాను" అని దిద్దించాను. మిగిలినదంతా నేను చెప్పినట్టే ఉంది, జరిగినట్టే ఉంది. దీని కింద నా ఎడమ బొటనవేలి ముద్ర వేస్తున్నాను.

(వేలిముద్ర)
నొర్‌హయాతి బింతి సుహైమి