ఒప్పజెప్పే ఓబులేసు

ఓబులేసని ఒకాయన ఉండేవాడంట, పెండ్లాం లేదు, పిల్లల్లేరు. ఆయన పనేందంటే, ఊళ్లో పంచాయితీ జరిగితే అందరి మాటలూ ఇని, ఆఖర్న లేసి ఎవురేమన్నారో మళ్లా ఒప్పజెప్పాల. కాయితం గీయితం లేదు, అంతా నోటితోనే. ఒక మాట చేర్చగూడదు, ఒకటి ఒదలగూడదు. ఆయన ఒప్పజెప్పిన దాంట్లో ఒక్కరు ఒప్పుకోలేదని వచ్చినా తీర్మానం చెల్లదు, అదీ కట్టు. ఇంక అట్లాటోడి పక్కన ఎవురు కూచుంటారు చెప్పు? ఆయనొస్తే అరుగు మీద మాటలు ఆగిపొయ్యేవంట.

ఏమైందంటే, ఒకసారి తిప్పక్క మడికొచ్చే నీళ్ల వంతు తీసి పెద్దమనిషి బాలన్న తమ్ముడికిద్దామన్నారు. తిప్పక్క మొగుడు పోయిన మనిషి, ఎనకమాల కూచోని, నేనొప్పుకోను అనింది, సన్నంగా. బాలన్న ఓబులేసు చెవిలో, ఆ మాటొదిలేసి చెప్పురా అన్నాడంట. ఈయన లేసి తిప్పక్క మాట చెప్పినాడు, దాన్ని ఒదిలేయమని బాలన్న చెవిలో అన్నాడని గూడా చెప్పినాడు! నవ్వొద్దు మీరు. నీళ్లయితే తిప్పక్కకి నిలిచినాయి, బాలన్నకి మాత్రం ఒళ్లు మండిపోయింది. ఈ పొద్దు నుంచి ఓబులేసుతో ఎవురూ మాట్లాడగూడదు, ఏమంటారు అన్నాడు. తలకాయలూపినారు. అదీ పంచాయితీ మాటే గదా, అదీ ఈయనే ఒప్పజెప్పాల! లేసి నిలబడి, ఓబులేసుతో ఎవురూ మాట్లాడగూడదని బాలన్న అన్నాడు, అందరూ సరేనన్నారు, ఓబులేసు ఏమీ అనలేదు, అని చెప్పి కూచున్నాడంట.

ఆ పైన ఏముంది. అంగట్లో ఉప్పు పొట్లం అక్కడ పెట్టి మొగం తిప్పుకునేవాళ్లు. సాయంత్రమైతే ఇంట్లో లేసి నిలబడి, ఈ పొద్దు ఎవురూ ఏమీ అనలేదు, అని గోడకి ఒప్పజెప్పేవాడంట.

యేండ్లు గడిచినాయనుకో. ఒకనాడు తిప్పక్కే వాకిట్లోకొచ్చి, ఓబులేసన్నా, నీ మీద తీర్మానానికి గూడా నేనొప్పుకోనంటి గదా, ఆ మాటెందుకు మింగినావు, భయపడినావేమోనని ఇన్నాళ్లూ నీ మొగం చూడలేదు నేను, అనిందంట. ఓబులేసు బిత్తరపోయినాడు. అంటివా తిప్పక్కా? నాకినపళ్లేదే. పంచాయితీలో నా పేరు ఇనడం అదే మొదలు, చెవులు గుయ్యిమన్నాయి, అని గడప మీద కూలబడి ఏడ్చినాడంట.

మరి పోయి చెప్పుకోగూడదా అంటారు మీరు. పంచాయితీలోంచి పెద్దమనిషి ఒకసారి లేసిపోతే ఆ తీర్మానం మళ్లా తెరిచేది లేదు. ఎందుకేడ్చినాడో నన్నడగొద్దు, మాట ఒదిలినందుకో, అన్నాళ్లకి మనిషి గొంతు ఇన్నందుకో. తిప్పక్క పక్కన కూచుందంట. ఆ తర్వాత వాళ్లిద్దరేం మాట్లాడుకున్నారంటే, అది ఒప్పజెప్పేవాడు ఎవుడూ లేడు.