డెల్బర్ట్ గాడి శనివారాలు

టార్క్ అంటే ఏంటనా? నన్నేనా అడుగుతున్నావు? అయితే ఆ ఫోను జేబులో పెట్టుకో ముందు. దాన్నీ నన్నూ ఒకేసారి అడిగితే కుదరదు. కూర్చో జోసీ, ఆ బకెట్ బోర్లించుకుని కూర్చో, కుర్చీలో కార్బురేటర్ ఉంది, కదపకు. ఆఁ, టార్కు. ఏం చెప్పాలి... తిప్పే బలం. అంతే. నట్టు విప్పడానికి పానా మీద నువ్వు వేసే బలం ఉంది చూడు, అది టార్కు. అర్థమైందా? కాలేదు. మొహం చూస్తేనే తెలుస్తోంది. మీ నానమ్మా ఇలాగే పెడుతుంది మొహం. అదే ఆ డెల్బర్ట్ ఓక్స్ గాడిని అడిగుంటే ఏమనేవాడో తెలుసా? గొంతులో తేనె పోసుకుని, "అమ్మా, మీ ఇంట్లో దోసకాయ ఊరగాయ సీసా ఉందా? కొత్తది, మూత తీయనిది. మొదటి తిప్పుకి పళ్ళు బిగబట్టి ఒక పట్టు పడతారు చూడండి, అదీ టార్కు. అలాంటి సీసాల మూతలు ఒకదాని వెనక ఒకటి ఎంత గబగబా తీయగలరో, అది హార్స్ పవర్" అనేవాడు. చూశావా, చూశావా, నీ మొహం ఎలా విప్పారిందో! ఒళ్ళు మండదా మరి నాకు? వాడు పోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ నా గారేజిలో, నా ఎదురుగా కూర్చున్న నా మనవరాలికి వాడి మాటే కావాలి.

ఎవరా? మీ నాన్నని అడుగు, చెప్తాడు. ఈ ఊళ్ళో మా వయసు వాళ్ళెవర్ని అడిగినా చెప్తారు, అదే కదా నా ఏడుపు. నేనూ వాడూ ఒకే వేసవిలో హ్యూబ్నర్ గారేజిలో పనికి చేరాం. పక్కపక్కనే మా బల్లలు. వాడి చేతులు ఉన్నాయే, అబ్బబ్బ, దేవుడు ఆ చేతులు ఇంకెవరికో చేసి పొరపాటున వాడికి తగిలించాడు. స్పార్క్ ప్లగ్ బిగించమంటే వంకరగా పెట్టి తిప్పేసి మర పోగొట్టేవాడు. పళ్ళ డాక్టరు గారి బండికి టైరు మార్చి నట్లు బిగించడం మర్చిపోయాడు. మెయిన్ రోడ్డు మీద ఆయన బండి ఇంకా బ్యాంకు దగ్గరే ఉంది, చక్రం మాత్రం దొర్లుకుంటూ చర్చిదాకా వెళ్ళిపోయింది. వాడు పాడు చేసినవన్నీ నేను బాగు చేసేవాణ్ణి. కానీ ఆ డాక్టరు బండి తీసుకెళ్ళడానికి వచ్చి ఎవరి భుజం తట్టాడనుకున్నావు? వాడి భుజం! ఎందుకంటే చక్రం ఎందుకు ఊడిందో వాడు అంత అందంగా చెప్పాడు ఆయనకి. ఊడబెరికింది వాడే, చెప్పిందీ వాడే, ఆయన నవ్వుకుంటూ పోయాడు. నేను బండి కింద పడుకుని అంతా వింటున్నా. నా కాళ్ళు మాత్రం బయటికి కనబడుతున్నాయి. వాటినెవరు పలకరిస్తారు?

హ్యూబ్నర్ మంచివాడు, ఆరు నెలలు చూశాడు. చూసి, "డెల్బర్ట్, నువ్వు బండ్ల గురించి మాట్లాడు బాబూ, ముట్టుకోవద్దు" అన్నాడు. వాడు నిజంగా అదే చేశాడు! దాణా కొట్టు మేడ మీద చిన్న రేడియో స్టేషను ఉండేది. చక్కెర దుంపల ధరలూ, చిక్కుళ్ళ ధరలూ, సరస్సు మీద గాలి ఎటు వీస్తోందీ, ఇవి చదివే ఉద్యోగంలో చేరాడు. ఓసారి శనివారం పొద్దున చదవాల్సినవి తొందరగా అయిపోయి, ఇంకా టైము మిగిలిపోయిందట. "ఎవరి బండి అయినా మూలుగుతోందా? ఫోన్ చేయండి" అన్నాడట ఊరికే. అంతే, మొదలైంది. శనివారం వస్తే జిల్లా జిల్లా అంతా రేడియో చుట్టూ మూగేది. ఫోన్ చేసినవాళ్ళు బండి చప్పుడు నోటితో చేసి వినిపించాలి, అదీ పద్ధతి. ఆ సోబ్చాక్ ముసలాయన, నలుగురిలో నోరు విప్పనివాడు, పందుల్ని పెంచేవాడు, ఆయన రేడియోలో "టకటకటక... ఘుర్ర్... టక్" అని అరిచేవాడంటే నమ్ముతావా? డెల్బర్ట్ శ్రద్ధగా విని, "ఇంకోసారి అనండి, ఈసారి గుట్ట ఎక్కుతున్నట్టు" అనేవాడు. ఆయన గుట్ట ఎక్కేవాడు! అప్పుడు వీడు, "ఇది నాకింగు అండీ. మీరు జోకు పూర్తి చెయ్యకముందే పకపకా నవ్వేసేవాడు ఉంటాడు చూడండి, మీ ఇంజన్లో నిప్పురవ్వ పడకముందే పెట్రోలు అలా తొందరపడి అంటుకుంటోంది. కాస్త మంచి రకం పెట్రోలు పోయించండి" అనేవాడు. బండి ఆగి ఉన్నా ఇంజను ఆడుతూనే ఉంటుందే, ఆ ఐడిల్ అంటే ఏంటి అని ఎవరో అడిగితే, "ప్రార్థన అయిపోయాక మెట్ల దగ్గర నిలబడ్డ మా పెద్దమ్మ. ఇంటికి వెళ్ళదు, మాటా ఆపదు" అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వి, నవ్వినందుకు నా మీద నాకే కోపం వచ్చి చేతిలో పానా విసిరేశా. హ్యూబ్నర్ కిటికీ పగిలింది.

అందాకా బాగానే ఉంది అనుకో. ఊళ్ళో వాళ్ళు వాణ్ణి మెచ్చుకుంటే కడుపు రగిలేది, నిజమే, కానీ ఇంటికెళ్ళి బంగాళదుంపలూ మాంసం తిని పడుకుంటే చల్లారేది. ఒక శనివారం, మార్చి నెల, బయట మంచు కరిగి అంతా బురద. నేను ఒక పాల లారీ కింద ఉన్నా. అలమార మీద రేడియో మోగుతోంది, గారేజి నిండా జనం, కాఫీలు తాగుతూ. "తర్వాత ఎవరండీ?" అన్నాడు వాడు. "డెల్బర్ట్ గారూ, రివర్ స్ట్రీట్ నుంచి వెర్నాని" అని వినబడింది. లేవబోయి యాక్సిల్‌కి నుదురు కొట్టుకున్నా, ఇదుగో, ఈ మచ్చ అదే. మీ నానమ్మ! మెకానిక్ భార్య! ఇంట్లో మొగుణ్ణి పెట్టుకుని రేడియోకి ఫోన్ చేసింది! "ఏదీ, చప్పుడు చేయండి" అన్నాడు వాడు. చేసింది జోసీ. "వూఁ... వూఁ... వూఁవూఁవూఁ" అని. ఎంత బాగా చేసిందో తెలుసా? అచ్చం మా స్టేషన్ వ్యాగనే. నా ఎదురుగా ఎప్పుడూ ఒక్క కూనిరాగం తీసిన మనిషి కాదు. వాడు అడిగాడు, "వణుకు స్టీరింగు పట్టుకున్న చేతులకి తెలుస్తోందా, కూర్చున్న సీటులో తెలుస్తోందా?" ఆవిడ ఆలోచించి, "సీటులోనే. యాభై దాటితే మొదలవుతుంది, అరవై దాటితే మానేస్తుంది" అంది. "శభాష్! చేతుల్లో అయితే ముందు చక్రాలు, సీటులో అయితే వెనకవి. చక్రం బ్యాలెన్స్ తప్పింది, అంచున కొట్టిన సీసం బిళ్ళ ఒకటి రాలిపోయుంటుంది. మీరింత చక్కగా చెప్పాక నేను చెప్పడానికి ఏముందండీ" అన్నాడు. గారేజిలో ఒకటే నవ్వులు. "ఏం మార్విన్, ఇంట్లో మెకానిక్ దొరకలేదటగా మీ ఆవిడకి?" అని ఒకడు. ఆ మధ్యాహ్నం ఇంటికెళ్ళి వెనక చక్రం విప్పి చూశా. సీసం బిళ్ళ లేదు. వాడు తప్పు చెప్పుంటే ఎంత బావుండేది! మేడ మీద కూర్చుని, ఫోన్లో విని, నా బండి రోగం నా పెళ్ళాం నోటితోనే చెప్పించాడు.

అక్కడితో ఆగిందా? అలవాటైపోయింది ఆవిడకి. బండి ఒక పక్కకి లాగుతోందని ఒక వారం. పొద్దున్నే స్టార్టు అవడానికి మొరాయిస్తోందని ఇంకో వారం. అలైన్‌మెంటు అంటే ఏంటో వాడు చెప్పాడట, బజారులో సామాన్ల బండి తోస్తుంటే ఒక చక్రం సొట్టదై ఎప్పుడూ డబ్బాల వరస వైపే లాగుతుందే, అదీ అని. ఆదివారం భోజనం దగ్గర మీ నాన్నకి బఠాణీలు వడ్డిస్తూ చెప్పింది ఆ ముక్క, కళ్ళు మెరుస్తుంటే. నేను పదేళ్ళుగా ఆ ఇంట్లో అలైన్‌మెంటు అనే మాట అంటున్నా, ఎవరి కళ్ళూ మెరవలేదు. అందగాడైతే ఒక దారి. పొట్టివాడు, బట్టతల, చెవులు చూస్తే తలుపులు తీసిపెట్టిన టాక్సీలా ఉండేవాడు. పెళ్ళి చేసుకోలేదు. చర్చి నేలమాళిగలో విందు జరిగితే మీ నానమ్మ చేసిన చెర్రీ పళ్ళ తీపి రొట్టె రెండో ముక్క కూడా వాడి పళ్ళెంలోకే వెళ్ళేది. నేను లెక్కపెట్టేవాణ్ణి. ఏం, లెక్కపెట్టకూడదా? నా చెర్రీలు, నా పొయ్యి, నా పెళ్ళాం.

ఇక తట్టుకోలేక ఒక శనివారం నేనే ఫోన్ చేశా. నవ్వకు. రిసీవరుకి చేతిగుడ్డ చుట్టి, గొంతు మార్చి, ఏ బండీ చెయ్యని చప్పుడొకటి కల్పించి పెట్టుకున్నా. "క్రీక్, టింగ్, భుస్స్" అని. జిల్లా అంతటి ముందూ వాడు తెల్లమొహం వెయ్యాలి, అదీ నా కోరిక. చేశా చప్పుడు. అవతల కాసేపు ఏమీ లేదు. నా గుండె పొంగిపోతోంది, పడ్డాడురా అని. అప్పుడు మెల్లిగా, "మార్విన్? నువ్వేనా?" అన్నాడు. రిసీవరు మీంచి గుడ్డ లాగేశా. "మిత్రులారా, ఈయన ఎవరో తెలుసా? హ్యూబ్నర్ దగ్గర నేను చెడగొట్టిన ప్రతి బండినీ బాగుచేసి, ఒక్కసారి కూడా నన్ను పట్టివ్వని మనిషి. నాది నోరే. చేతులు ఆయనవి. మీ బండి మూలిగితే నాకు ఫోన్ చేయండి, ఏడిస్తే మాత్రం ఆయన దగ్గరికి పొండి" అన్నాడు. సోమవారం గారేజి ముందు బండ్లు బారులు తీరాయి. నేను సొంతంగా ఈ షాపు పెట్టుకున్నానంటే ఆ మాట వల్లే, కావాలంటే రాసుకో. తిట్టినా బావుండేది జోసీ! తిడితే తిరిగి తిట్టేవాణ్ణి. పొగిడాడే, దాన్నేం చేసుకోను? ఆ రోజు ఫోను పెట్టేసి చూస్తే మీ నానమ్మ వంటింట్లో రేడియో పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది, "చూశావా, నీ గురించి ఎంత బాగా అన్నాడో" అని. నేనేమో ఇంకా చేతిలో ఆ గుడ్డ పట్టుకుని ఉన్నా.

కొన్నేళ్ళకి ఓ ఫిబ్రవరిలో పోయాడు వాడు. గుమ్మం ముందు మంచు ఎత్తిపోస్తూ పోయాడు, గుండె ఆగి. నేనూ వెళ్ళా సమాధికి, శవపేటిక మోశా కూడా, ముందు వైపు కుడి పక్క నాది. మీ నానమ్మ ఏడ్చింది. ఏడుపంటే ఏదో కంటనీరు కాదు, చేతి తొడుగులు తడిసిపోయేలా ఏడ్చింది. మా అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. సరే, అమ్మకీ తనకీ పడేది కాదనుకో, అది వేరే సంగతి, ఆ వెండి చెంచాల గొడవ నీకు ఇంకోసారి... ఎక్కడున్నా? ఆఁ. ఇంటికి వస్తున్నాం. నేను నడుపుతున్నా. అద్దాల మీద ఆవిరి. ఇక ఉండబట్టలేక అడిగేశా. "ఏముంది వెర్నా వాడిలో? నాకు తెలియంది వాడికి ఏం తెలుసు? బండి గురించి నాకంటే ఎక్కువ తెలుసా వాడికి?" అని. ఎప్పట్నుంచి నోట్లో నానుతున్న మాటో అది. ఆవిడ కిటికీ వైపు చూస్తూ, "అతనికి తెలీదు మార్విన్, నీకే ఎక్కువ తెలుసు. బండిలో ఏదో తేడాగా ఉంది అని నేనంటే నువ్వు తాళాలు ఇలా తే అంటావు. వెళ్ళి బండిని అడుగుతావు. అతను నన్ను అడిగేవాడు" అంది. అంతే అంది.

బండికి రోగమొస్తే బండిని అడక్క ఎవర్ని అడుగుతారు? నువ్వు చెప్పు. మెకానిక్ చేసే పనే అది కదా! వాడికి బండి ముట్టుకునే యోగ్యత లేదు కాబట్టి మనుషుల్ని అడిగేవాడు, గతిలేక అడిగేవాడు. దాన్ని పట్టుకుని ఈవిడ... చచ్చినవాడితో పోటీ ఏంటంటావా? బతికున్నవాడైతే ఎప్పుడో ఒకప్పుడు తప్పు చేస్తాడు. నోరు జారతాడు, ముసలివాడవుతాడు, చెప్పిందే చెప్పి విసిగిస్తాడు, ఇదుగో నాలాగా. వాడికి ఆ బాధ లేదు. వాడింకా ఆ శనివారం పొద్దుటిలోనే ఉన్నాడు. నువ్వలా జాలిగా చూడకు, నాకేమీ...

అదుగో, మీ నానమ్మ. ఊరుకో ఇక. పొద్దున బజారుకి నీ బండే వేసుకెళ్ళింది కదా. ఏం వెర్నా? ఏంటీ? గట్టిగా చెప్పు. బ్రేకు తొక్కితే ఏదో తేడాగా ఉందా? సరే సరే, తాళాలు ఇలా తే, నేను... ఊఁ. ఏం లేదు. ఉండు, వెళ్ళకు. అది కాదు వెర్నా. తొక్కినప్పుడు... నీకెలా అనిపించింది? నిన్నే. అవును, నిన్నే అడుగుతున్నా. ఇందులో నవ్వేదేముంది? నేనడక్కూడదా ఏంటి?