పెరటి గడియ

కూర్చోండమ్మా, ముందు కూర్చోండి. ఉత్తరాలు అలా బల్ల మీద పరిస్తే ఆఫీసంతా చూస్తుంది. ఇటివ్వండి. ఇది మీ అబ్బాయిది. ఇది మీ కింద వాటాలో ఉండే దర్జీ ఆవిడ కొడుకుది. రెంటిలోనూ చివర ఒకటే మాట, "పెరటి గడియ వేసుకోమని అమ్మకి చెప్పండి" అని. ఇద్దరూ పోయేముందు ఒకే మాట ఎలా అన్నారంటారు, అంతేగా?

ఏంటీ, మీ ఇంటికసలు పెరడే లేదా? మేడ మీద ఒక్క గదేనా? ఖర్మ.

ఉత్తరం కింద పేరున్న కెప్టెన్‌ని అడుగుతారా? ఆయన కింద సంతకం పెడతాడంతే. రాసేది నేను. యుద్ధం మొదలైన దగ్గర్నుంచీ ఈ కుర్చీలోనే ఉన్నా. మాకొచ్చేది ఒక చీటీ. పేరు, ఊరు, తేదీ. అంతకు మించి ముక్క ఉండదు. మొదట్లో "మరణించినట్టు తెలియజేయడమైనది" అని రాసేవాళ్ళం. తల్లులు నమ్మలేదమ్మా. ఎవరు చూశారు, ఎవరు చూశారు అంటూ ఈ మెట్లన్నీ అరగదీశారు.

అప్పుడు నేనే కనిపెట్టా, కెప్టెనే చెబుతున్నట్టు "నేను" అని రాయాలని. నేను పక్కనే ఉన్నాను, తల నా ఒళ్ళో పెట్టుకున్నాను, బాధపడలేదు. అంతే, రావడం మానేశారు. మా ఆఫీసు పెద్దాయన భుజం తట్టి, మిగతావాళ్ళకీ నేర్పమన్నాడు. కేకలూ నెత్తురూ వద్దు, చివర్లో ఇంటి సంగతొకటి పెట్టండి అని నేర్పా. ఒకే వీధికి ఒకే మాట వెళ్ళకుండా అదిగో, ఆ గోడమీది పటంలో గుండుసూదులు గుచ్చుతాం. ఈ రెండూ రాసిన రోజు నేను పటం చూళ్ళేదు.

ఎందుకంటే ఆ మాట మావాడిది. రైలెక్కుతూ అన్నాడు, "నాన్నా, పెరటి గడియ వేసుకో, మర్చిపోతావు" అని. వాడూ అక్కడే ఉన్నాడు, మీ అబ్బాయి ఉన్నచోటే. వాడి మాట ఇంకొకళ్ళ నోట్లో పెడితే, చావు వాళ్ళతో సరిపెట్టుకుని వాణ్ణి వదిలేస్తుందేమోనని నా పిచ్చి. తిట్టండి, పడతా.

కాస్త మెల్లిగా. ఆ కిటికీ పక్క సీటాయన వింటున్నాడు. వింటాడు గానీ తలెత్తడు, పొద్దుట్నుంచీ అంతే. రోజూ నా టీలో సగం లాక్కుని తాగే మనిషి ఇవాళ పలకరించలేదు. పెద్దాయనొచ్చి, ఇవాళ త్వరగా ఇంటికెళ్ళండి అన్నాడు. ఇన్నాళ్ళలో ఆ మాట ఎవరితోనూ అనగా వినలేదు.

ఆయన టైపు మిషను ఆగింది, విన్నారా? ఒక లైను కొడతాడు, ఆగుతాడు, కాగితం లాగేసి మళ్ళీ పెడతాడు. చివరి మాట దగ్గరే ఎవరైనా అలా తడుముకునేది.

మీ అబ్బాయి ఎలా పోయాడో నాకు తెలీదమ్మా. పక్కన ఎవరైనా ఉన్నారో లేదో కూడా తెలీదు. నిజం ఇంతే.

లేచాడు. కాగితం మడిచి ఇటే వస్తున్నాడు. మీరు వెళ్ళకండి, కాసేపుండండి. అందులో ఏముంటుందో నాకు అక్షరం అక్షరం తెలుసు. నేను పక్కనే ఉన్నాను, తల నా ఒళ్ళో పెట్టుకున్నాను, బాధపడలేదు. నేర్పింది నేనేగా.

అయినా నమ్ముతానమ్మా. చచ్చినట్టు నమ్ముతా.