నల్లమందు సాక్ష్యం

గా మూడో వరుస కొట్టెయ్యుండ్రి అయ్యగారూ. "ఒక్క ప్రార్థనతోనే నల్లమందు మీది ఆశ ఆమెను విడిచి పారిపోయెను" అని రాసిండ్రు గద, గది. యాడికి పారిపోలే. పారిపోయిందని ఎవ్వలు చెప్పిండ్రు మీకు?

కోపం చేసుకోకుండ్రి. కూసోండ్రి, పీట ఉన్నది. నేను గీ చింతపండు గింజలు తీసుకుంటనే చెప్త. చేతులు ఖాళీగుంటె నాకు మాట సరిగ రాదు.

మీరు మెట్‌పల్లికి బదిలీ అయి వచ్చి రెండేండ్లాయె. అంతకు ముందటి సంగతి మీకెట్ల తెలుస్తది? సంఘపెద్దలు చెప్పిండ్రు, మీరు రాసుకున్నరు. ఎలీసబెతు అనే ఆడిమనిషి నల్లమందుకు బానిసయింది, ప్రభువు ముట్టిండు, లేచి నడిసింది. ఆదివారం జిల్లాకెల్లి పెద్దయ్యగారు వస్తరు. ఆయన ముంగట నేను నిలవడి గిదంత అప్పజెప్పాలె. గంతే గద?

నేను అప్పజెప్ప.

దేవుడు లేడంటలేను. మీరు అట్ల చూడకుండ్రి. దేవుడు ఉన్నడు కాబట్టే ఆయన పేరు మీద అబద్ధం చెప్పనంటున్న. జరసేపు ఇనుండ్రి, తర్వాత మీ ఇష్టమొచ్చింది రాసుకోండ్రి.

పోలీసు యాక్షన్ అయిన మూడో ఏడు. నాలుగేండ్ల మా బిడ్డ, మెయ్యంత అమ్మతల్లి పొక్కులు వోసి చచ్చిపోయింది. అది పోయిన నాలుగు నెల్లకు నాకు బంక విరేచనాలు పట్టుకున్నయి. నెత్తురు పడ్డది. ముద్ద మింగితే నిలువలే. మా అత్త భూమవ్వ నాలుగు దినాలు చూసి, ఐదోనాడు జొన్నగింజంత నల్లమందు తెచ్చి నాలిక కింద పెట్టింది. తప్పు పట్టకుండ్రి ఆమెను. గప్పుడది దొంగసరుకు గాదు. సర్కారు కాయితం పెట్టుకొని బజార్ల దుకాణంల అమ్మేటోళ్లు. ముసలోళ్ల కీళ్లకు, పిల్లల దగ్గుకు అందరిండ్లల్ల ఉండేది.

మర్నాటికి కడుపు కట్టింది. కడుపొక్కటే అయితే నేను ఈ కథ చెప్పకపోదును.

బిడ్డ పోయినకాడికెల్లి దండెం మీద దాని లంగ చూస్తె నా పేగులు కోసినట్టయ్యేది. తీసి దాచిపెట్ట మనసు రాదు, చూడ మనసు రాదు. ఆనాడు లంగ చూసిన. ఎర్ర లంగ. చూసిన గాని కోయలే. నాలుగు నెల్ల తర్వాత మొదటిసారి నిమ్మలంగ ఊపిరి తీసుకున్న. చెప్పుండ్రి, మరునాడు ఇంకో గింజ అడగకుండ ఎవ్వలుంటరు? మీరుందురా?

సరే, మీరుందురేమొ. నేనుండలే.

మొదటి ఏడంత సుఖమే. సుఖం కాదని చెప్తె అది సుత అబద్ధమే అయితది. పసుపు ఉడకబెట్టే కాడ పొద్దుందాక పొగల నిలవడ్డా నడుము నొయ్యకపోయేది. ఒక గింజ రెండాయె, పొద్దటికొకటి మాపటికొకటి ఆయె.

రెండో ఏటికి సుఖం పోయింది.

గిదే ఎవ్వలు నమ్మరు అయ్యగారూ. తింటె సుఖం లేదు, లంగ మల్ల కోసుడు షురూ చేసింది. సుఖం పోయింది గాని కావాలె అనేది పోలే. అది దినదినం పెరిగింది. నాకు దాని రుచి అంటె అసయ్యం, దాని వాసనంటె అసయ్యం. అసయ్యమనుకుంటనే ఉరికేదాన్ని. మీరు బోధల చెప్తరు గద, సుఖాలకు మరిగినోళ్లు అని. నేను సుఖానికి మరగలే. సుఖం ఎప్పుడో పోయింది, వట్టి పరుగు మిగిలింది.

ఒక్క పూట ఆలస్యమైతె ముక్కుల నీళ్లు కారేటియి. మెయ్యంత కోడిబొచ్చు పీకినట్టు లేసేది. బొక్కల్ల ఎవ్వలో కూసోని సుత్తెతోని కొట్టినట్టు. మా ఇంటాయన అంతయ్య మంచోడు. గింజలు తన ధోతి కొంగుల కట్టుకొని పూటకింత ఇచ్చి తగ్గిద్దామని చూసిండు. ఆయన తానం చేస్తుంటె ధోతి ఎత్తుకపోయిన. తానం కాడ ఆయన గోచితోని నిలవడ్డడు, నేను ధోతి చంకల పెట్టుకొని ఉరికిన. నవ్వొస్తే నవ్వుండ్రి. మాకూ గప్పుడు నవ్వు రాలే గాని ఇప్పుడొస్తది.

దీనికి మాత్రం నవ్వు రాదు. మా అవ్వ చచ్చిపోయిందని బోథ్‌కెల్లి కబురు తెచ్చిండ్రు. బస్సుల అడ్డకు పోవాలె. నా కాళ్లు దుకాణం దిక్కు పోయినయి. దుకాణం తెరిసేదాక దాని మెట్ల మీద కూసున్న. గింజ నోట్లె పడ్డంకనే బస్సెక్కిన. నేను పోయేసరికి అవ్వ మీద మట్టి పోసి ఇండ్లకు మర్రిండ్రు.

అవ్వ మీద నాకు ప్రేమ లేకనా? ఏమో, లోకమంత అట్లనే అన్నది. నేను సుత అట్లనే అనుకున్న. చానేండ్లు అట్లనే అనుకున్న.

ఇట్ల ఏడెనిమిదేండ్లు గడిసినంక సర్కారు దుకాణాలు బంద్ చేసింది. మా అసొంటోళ్లం రోడ్ల మీద పడ్డం. మా ఇంటాయన నన్ను బండిల ఏసుకొని మిషన్ దవాఖానకు తీసుకపోయిండు. నలభై దినాలు ఉన్న. మీకు ముందున్న ముసలయ్యగారు వచ్చి ప్రార్థన చేసిండు, అది నిజం. నేను ఆయన అంగి మీదనే కక్కుకున్న. ఆయన అంగి తుడుచుకోలే, నా చెయ్యి విడువలే. నేను చూసిన ప్రార్థన గది. ఆశ పారిపోయిందని ఆయన ఏనాడు అనలే. "ఈ పూట గడిసింది బిడ్డా" అనేటోడు, మల్ల మాపటికి వచ్చేటోడు.

ఒకనాడు డాక్టరమ్మను అడిగిన. అమ్మా, నేను అంత పాపిష్టిదాన్నా, కన్నతల్లి కంటె గింజనే ఎక్కువైందా నాకు అని. ఆమె నా మంచం అంచుకు కూసున్నది.

"ఎలీసబెతూ, మనిషి తలకాయల ఒక జాగ ఉన్నది. ఆకలైతె అన్నం దిక్కు, బిడ్డ ఏడిస్తె బిడ్డ దిక్కు మనల లేపి ఉరికిచ్చేది గదే. లోపల ఏవో రసాలు ఊరి ఒక మూలకెల్లి ఇంకో మూలకు కబురు మోస్తయి. నల్లమందు పోయి ఆడ కూసున్నది. అన్నం కబురు, బిడ్డ కబురు, తల్లి కబురు, అన్నిటికంటె తన కబురే గట్టిగ వినిపిస్తున్నది. ఆ రసాల సంగతి మాకే ఇంకా సగం తెల్వది. తెలిసినంత చెప్తున్న."

ఇంకోటి సుత చెప్పింది. దూరదేశంల చదువుకున్నోళ్లు ఎలుక తలకాయల గా జాగకు సన్నని తీగె పెట్టిండ్రట. ఎలుక ఒక మీట నొక్కితె తీగెల జర కరెంటు వస్తదట. ఇగ ఆ ఎలుక పక్కకున్న తిండి ముట్టలేదట, మీటనే నొక్కుకుంట నొక్కుకుంట ఆడనే సొలిగి పడ్డదట.

ఎలుక పాపం చేసిందా అయ్యగారూ?

ఏంది? ఎలుకకు ఆత్మ లేదంటరా? మనిషికున్నదంటరా? ఉన్నది, కాదంటలేను. ఉన్నది గాని ఆ ఆత్మ సుత గీ తలకాయలనే కాపురముండాలె గద. ఇల్లు అంటుకుంటె ఇంట్లున్నోనికి సెగ తాకదా?

నలభై దినాలకు బొక్కల నొప్పి పోయింది. ఇంటికొచ్చిన. అందరు సంబురపడ్డరు. మీ కాయితంల కథ గాడనే అయిపోతది. నాకు అసలు కష్టం గాడనే మొదలైంది.

నాకు ఏదీ కావాలె అనిపియ్యలే. ఏదీ. అన్నం ముంగట పెడితె తిన్న, పెట్టకుంటె అడగలే. పండుగ వచ్చింది, పోయింది. మా ఇంటాయన పట్నంకెల్లి చీర తెస్తె, మంచిగున్నదని చెప్పాలె కాబట్టి చెప్పిన. పొద్దున లేవాలంటె ఎందుకు లేవాలె? లేచి వాకిలి ఊడిస్తె ఏమొస్తది? ఏడుపు సుత రాకపోయేది. ఊరోళ్లు బద్ధకమన్నరు. డాక్టరమ్మ మాత్రం, ఆశ పుట్టే జాగ మొద్దుబారింది, మల్ల చిగురువెడ్తది, నువ్వు మాత్రం దినాం లేచి పని చేసుకుంట పో అన్నది. ఎన్ని దినాలమ్మా అంటె, తెల్వదన్నది.

ఏడాదిన్నర. బజార్ల పోతుంటె ఒకామె మక్కకంకులు కాలుస్తుంది. నేను నిలవడిపోయిన. నాకు కంకి తినాలనిపిచ్చింది. నల్లమందు గాదు, కంకి. ఉప్పు రాసిన కంకి. నడిబజార్ల కొంగు నోట్లె కుక్కుకొని ఏడ్సిన. కంకులమ్మేటామె బెదిరిపోయి, ఏమైందక్కా అన్నది. ఆకలైతున్నదని చెప్పిన.

సాక్ష్యం కావాలంటె గది రాసుకోండ్రి. అద్భుతం జరిగిందంటె గానాడు జరిగింది. అది సుత మీ కాయితంల లేదు.

అయితే ఆశ పోయిందా? పోలే. అడుగుకు దిగింది, గంతే. ఆరేండ్లు తినకున్నా, మాఘంల పసుపు ఉడకబెట్టే వాసన వస్తె నా నోట్లె నీళ్లూరుతయి, చేతులు చెమట పడ్తయి. తినేటప్పుడు గా పొగలనే నిలవడ్డ కదా. నేను మరిచినా నా తలకాయ మరువదు.

ఇగ దేవసహాయం మాట తీస్త. మీరు లేస్తరనుకుంటనే తీస్తున్న. జర కూసోండ్రి.

సంఘంల పాట ఎత్తేటోడు. బండి మీదికెల్లి పడి కాలు ఇరిగి, నొప్పికి నల్లమందు అలవాటైనోడు. నా లెక్కనే దవాఖానల పండి విడిచిండు, మల్ల తిన్నడు, మల్ల విడిచిండు. మొన్న ఈస్టరు పండుగకు మీరు అందరి ముంగట ఆయన పేరు కొట్టేసిండ్రు. మూడుసార్లు పడ్డోనికి ప్రభు భోజనం లేదన్నరు. నన్ను చూపెట్టి, "ఈ అక్కను చూడు, ఒక్కసారే విడిచింది" అన్నరు. నేను తల దించుకున్న. మీరు నాది వినయమనుకున్నరు.

వినయం గాదది.

ఈ మాఘంల పసుపు కల్లం కాడ పనికి పోయిన. వద్దని నాకు ఎర్కనే. అయినా పోయిన. మూడోనాటికి అంగడిల ఉన్న, చేతుల నల్లమందు ఉన్నది. చాటుంగ అమ్మేటోళ్లు ఇప్పటికీ ఉన్నరు, ఎవ్వలని అడగకుండ్రి. దాన్ని కొంగుల ముడేసిన. మా ఇంటాయన ముఖం యాదికొచ్చింది. ఇంటికి పోలే. దేవసహాయం ఇంటికి పోయిన. ఎందుకంటె నా బాధ తెలిసినోడు ఊరు మొత్తంల ఆయనొక్కడే.

"తమ్ముడా, దీన్ని మురికినీళ్ల నాలెల వడెయ్యి. నాతోని అయితలేదు" అని ఆయన చేతుల పెట్టిన.

గప్పటికి ఆయన విడిచి పదకొండు నెల్లు అయ్యగారూ. పదకొండు నెల్లు. ఇంటెనుకనే నాలె. పది అడుగులు. ఆయన నిలవడ్డడు, నేను నిలవడ్డ. ఆయన దాన్ని చూస్తుండు, నేను ఆయన్ను చూస్తున్న. "నువ్వే వెయ్యక్కా" అన్నడు. తీసుకున్న. వెయ్యలే. రెండు తునకలు చేసిన. నేనే చేసిన, ఈ చేతులతోనే.

నేను రెండు దినాలు తిని ఆగిన. ఆయన ఆగలే. ఎందుకు నేను ఆగిన్నో, ఆయన ఎందుకు ఆగలేదో నాకు తెల్వది. డాక్టరమ్మ కాడికి పోయి అడిగితె ఆమెకూ తెల్వదన్నది. నా భక్తి ఎక్కువ అనకుండ్రి. ఆనాడు ఇద్దరి భక్తీ ఒక్క తీరుగనే ఉండె.

ఈస్టరు నాడు మీరు పట్టుకొని, ఎవ్వలిచ్చిండ్రు అని అడిగితె, నేనే కొనుక్కున్న అని చెప్పిండు. నేను ఆడిమందిల కూసోని ఇన్న. ఆయన బయటికి పోతుంటె చూసిన. ఆ తర్వాత లేచి పోయి మీ చేతికెల్లి రొట్టె తీసుకొని తిన్న.

ఇప్పుడు రాసుకోండ్రి. కలం ఎందుకు దించిండ్రు?

ఆదివారం నన్ను నిలవెడితె గిదంత చెప్త, పెద్దయ్యగారి ముంగట, సక్కగ. చెప్పనియ్యకుంటె నా పేరు సుత కొట్టెయ్యుండ్రి. ఆయనను ఒక్కన్ని బయట పెట్టి నన్ను మాత్రం దండేసి చూపెడ్తమంటె కుదరదు. మందిల ఎవ్వలో ఒకరు చాటుంగ తింటుంటరు. ఒక్క ప్రార్థనతోని పోయిందని నేను చెప్తె, వాళ్లు ఇంటికి పోయి, దేవుడు నన్నొక్కన్నే విడిచిండు అనుకుంటరు. ఆ ఉసురు నాకొద్దు.

ఆయన ఇప్పటికీ వస్తుండు, మీరు చూసిండ్రా? లోపలికి రాకుండ బయట అరుగు మీద కూసోని పాటకు పెదవులాడిస్తుండు. వచ్చే ఆదివారంకెల్లి నేనూ గాడనే కూసుంట. లేపాలని చూడకుండ్రి. నా మోకాళ్ల నొప్పుల సంగతి ఊరందరికి తెల్సు, ఒక్కపారి కూసుంటె తొందరగ లేవను.