తొమ్మిది అడుగుల గుర్తు

ఏదీ, ఇంకోసారి చదువమ్మలూ. పెన్సిలు నమలకుండా చదువు. ఆ, పదిహేను అడుగుల నిచ్చెన, గోడకి ఆనించారు, నిచ్చెన కాళ్ళు గోడకి తొమ్మిది అడుగుల దూరంలో ఉన్నాయి, పైన గోడని ఎంత ఎత్తులో తాకుతుంది. ఇంకా ఈ లెక్కే ఇస్తున్నారన్నమాట. పుస్తకానికి అట్ట మారింది, బొమ్మలకి రంగులొచ్చాయి, నిచ్చెన మాత్రం పెట్టిన చోటే ఉంది. నువ్వేం చేశావో చూపించు. పదిహేను పదిహేన్లు రెండు వందల ఇరవై ఐదు, తొమ్మిది తొమ్మిదులు ఎనభై ఒకటి, రెండూ కలిపేశావు. కలపడం ఎప్పుడు? రెండు పొట్టి భుజాలు ఇచ్చినప్పుడు. ఇక్కడ నిచ్చెనే కర్ణం, అన్నిటికంటే పొడుగుది. అది ముందే చేతికిచ్చేశాక అందులోంచి తీసెయ్యాలి గానీ కలపకూడదు. కలిపితే ఎత్తు పదిహేడున్నర వస్తుంది. పదిహేను అడుగుల నిచ్చెన పదిహేడున్నర ఎత్తున గోడని ఎలా తాకుతుందే, మిగతా రెండున్నరా నువ్వు నెత్తిన మోస్తావా? నవ్వకు. నా క్లాసులో ముప్ఫై ఎనిమిది మంది ఉంటే ముప్ఫై మంది ఇలాగే కలిపేవాళ్ళు. చెప్పి చెప్పి నా గొంతు పోయింది. అందుకే గదా గంటాయన కొంప ముంచాను.

గంటాయనంటే ఎవరని అడుగుతావేం, నీకెప్పుడూ చెప్పలేదు కదూ. మీ నాన్నకీ చెప్పలేదు. మా బడిలో గంట కొట్టేవాడు. తలుపులు తియ్యడం, నీళ్ళు పట్టడం, పైన గాలి కంతల్లో పిచ్చికలు గూడు పెడితే గూట్లో పిల్లలు కింద పడకుండా జాగ్రత్తగా తీసి చెట్టుకి చేర్చడం, అన్నీ ఆయనే. బళ్ళోకి రాకముందు ఇళ్ళకి సున్నాలు వేసేవాడు. పాతికేళ్ళ వయసు దాకా నిచ్చెన మీదే బతికాడు. మనిషి బక్కగా, పొడుగ్గా ఉండేవాడు. ఏం చెప్పినా "సరే సారూ" అనేవాడు. ఆ మాటలో వంద రకాలుండేవి. చెయ్యగలిగిన పనికి ఒక సరే, పనికిమాలిన పనికి ఇంకో సరే. నాకు అవన్నీ ఒకటే వినపడేవి. నన్ను పిల్లలు స్కేలు సారు అనేవాళ్ళు, చాటుగా. చేతిలో ఎప్పుడూ చెక్క స్కేలు ఉండేది మరి. ఇస్త్రీ మడత నలగకుండా బడికెళ్ళి, నలగకుండా తిరిగొచ్చేవాణ్ణి. మీ నాయనమ్మ అనేది, "ఈయన నడుస్తుంటే వెనకాల గీత పడుతుందేమో చూడండ్రా" అని. ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో ఒక్కరోజు ఆలస్యంగా వెళ్ళలేదు. అబద్ధం చెప్పిన పిల్లాడి చేత "అబద్ధం ఆడరాదు" అని రెండు వందల సార్లు రాయించేవాణ్ణి. వందసార్లు కాదు, రెండు వందలు. అదీ నేను. గుర్తుపెట్టుకో, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

సరే, ఏం చెబుతున్నాను, కలుపుతున్నారని. ఇక ఇలా కాదు, నిచ్చెన తెచ్చి కళ్ళకి చూపిస్తానన్నాను. పెద్ద మేస్టారిని అడిగితే ఆయన ముక్కుతో మాట్లాడేవాడు, "అహఁ, చూపించండి మేస్టారూ, చూపించండి, కిటికీలు పగలకుండా చూపించండి" అన్నాడు. ఎనిమిదో తరగతిని వెనక వరండాలోకి తీసుకెళ్ళాను. అక్కడ గోడ ఎత్తు, గచ్చు నున్నన. ఏళ్ళ తరబడి పిల్లల కాళ్ళ కింద అరిగి అద్దంలా ఉండేది. గోడ మొదలు నుంచి టేపు పెట్టి కొలిచి, తొమ్మిది అడుగుల దగ్గర సుద్దముక్కతో ఇంత అడ్డగుర్తు పెట్టాను. గంటాయన నిచ్చెన మోసుకొచ్చాడు. సరిగ్గా పదిహేను అడుగులు, ముందే కొలిచి పెట్టుకున్నాను. నా ఆలోచనేమిటంటే, నిచ్చెన కాళ్ళు గుర్తు మీద పెడతాం, ఆయన పైకెక్కి టేపు కిందికి వదులుతాడు, కింద నేను చదువుతాను, పన్నెండు. పిల్లలు నోళ్ళు తెరుస్తారు.

గంటాయన గుర్తు చూశాడు, గోడ చూశాడు, నన్ను చూశాడు. "సారూ, ఇంత బయటికి పెడితే జారిపోతుంది" అన్నాడు. మెల్లగా, నాకొక్కడికే వినపడేలా. "నాలుగడుగుల్లో పెడదాం సారూ. నాలుగు పాళ్ళు పైకి పోతే ఒక పాలు బయటికి, అంతకి మించి ఎవరూ పెట్టరు. గచ్చు కూడా నున్నగా ఉంది." అంటే నేనేం చేశానో తెలుసా, మనసులో లెక్క వేశాను. నాలుగు నాలుగులు పదహారు, రెండు వందల ఇరవై ఐదులో పదహారు తీస్తే రెండు వందల తొమ్మిది. దానికి వర్గమూలం సరిగ్గా రాదు. పద్నాలుగూ పాయింటు నాలుగూ ఇంకా ఏవో తోకలొస్తాయి. తోకలొస్తే పిల్లలు మళ్ళీ గందరగోళపడతారు, పుస్తకంలో జవాబు పన్నెండు గదా. అదీ నా బాధ. మనిషి గురించి కాదు, తోకల గురించి. పుస్తకం రాసినవాడు ఆ నిచ్చెన ఎక్కడానికి రాయలేదు, లెక్క చెయ్యడానికి రాశాడు. ఆ తేడా సున్నాలు వేసినవాడికి తెలుసు, నాకు తెలియలేదు. తెలియకపోతే తప్పు లేదు. చెప్పాక కూడా వినలేదు చూశావా, అక్కడుంది తప్పు.

"తొమ్మిది అంటే తొమ్మిదే" అన్నాను, గట్టిగా, అందరికీ వినపడేలా. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఆయన ఇంకోమాట అన్నాడు. "అయితే ఇద్దరు పిల్లలు కింద కాళ్ళు అదిమి పట్టుకుంటే ఎక్కుతాను సారూ." దానికి నేనేమన్నానంటే, "పిల్లలు రాసుకోవడానికొచ్చారు, నీ నిచ్చెన మొయ్యడానికి కాదు. సున్నం వేసినవాడివి, నీకు భయమేంటయ్యా" అన్నాను. వెనక నలుగురైదుగురు కిసుక్కున నవ్వారు. ఆయన నవ్విన వాళ్ళవైపు చూశాడు, "సరే సారూ" అన్నాడు. చెప్పులు విడిచి పక్కన సమానంగా పెట్టుకుని, టేపు నడుముకి దోపుకుని ఎక్కాడు.

తొమ్మిదో మెట్టో పదో మెట్టో. ఏం చప్పుడు రాలేదు ముందు. తర్వాత కీచుమని గచ్చు మీద గీసుకుంటూ నిచ్చెన కాళ్ళు వెనక్కి, నా వైపే వచ్చాయి. పైభాగం గోడని రాసుకుంటూ కిందికి. ఆయన నిచ్చెన వదల్లేదు, దాంతోపాటే వచ్చాడు. ఎడమ మోకాలు మెట్టుకీ గచ్చుకీ మధ్య పడింది. అరవలేదు. పిల్లల ముందని అరవలేదు, ఆ సంగతి తర్వాత తెలిసింది. మగపిల్లలు పరిగెత్తుకెళ్ళి నిచ్చెన ఎత్తుతున్నారు. ఒకడు నీళ్ళకి పరిగెత్తాడు. నేను... ఇదిగో, ఈ ముక్క చెప్పాలనే ఇంతసేపు డొంకతిరుగుడుగా వస్తున్నాను. నేను ఆయన దగ్గరికి వెళ్ళలేదు. గుర్తు దగ్గరికి వెళ్ళాను. బూటు మడమతో తుడిచేశాను. ఇటొకసారి, అటొకసారి. నిలబడి కాలు కదిలిస్తున్నట్టు. తల ఎత్తితే రెండో వరసలో కూర్చునే పిల్ల, దర్జీ వాళ్ళ అమ్మాయి, నా బూటు వైపే చూస్తోంది.

పెద్ద మేస్టారు వచ్చాడు, "ఏమైంది మేస్టారూ, ఏమైంది?" నా నోటికి మాట వెతుక్కోవాల్సిన పని కూడా లేకపోయింది, అంత తేలిగ్గా వచ్చింది. "గూళ్ళు తియ్యడానికి ఎక్కాడండీ. నిచ్చెన సరిగా పెట్టుకోలేదు." ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు వింటున్నారు. కింద పడుకుని ఆయన వింటున్నాడు. పెద్ద మేస్టారు వంగి, "అలాగేనా?" అని అడిగాడు. గంటాయన నన్ను చూశాడు. నాకు దొంగకి తేలు కుట్టినట్టయింది. "అవునండీ, నా పొరపాటే" అన్నాడు. పెద్ద మేస్టారు అది బడి రిజిస్టరులో రాసి, కింద నా చేత సంతకం పెట్టించాడు. చూశావా, రెండు వందల సార్లు రాయించేవాడు ఒక్కసారి సంతకం పెట్టాడు.

ఆసుపత్రికి వెళ్ళాను, వెళ్ళలేదనుకోకు. కాలు పైకి కట్టేసి ఉంది. పక్కన స్టూలు మీద వాళ్ళావిడ. నన్ను చూసి లేచి నిలబడింది, నాకు స్టూలిచ్చి తను గోడకి ఆనుకుంది. కూర్చుంటూనే, "జారుతుందని తెలిసీ ఎందుకెక్కావయ్యా?" అన్నాను. తప్పు అప్పుడు కూడా ఆయన మీదకే తోశాను, అడిగే పద్ధతిలోనే. ఆయన అన్నాడు, "పిల్లల ముందు మీ మాట ఎలా తీసెయ్యను సారూ? రేపు మీరు ఏం చెప్పినా నమ్మొద్దా వాళ్ళు?" అని. అంతే. తర్వాత నిచ్చెన బాగానే ఉందా అని అడిగాడు.

మోకాలు వంగలేదు మళ్ళీ. నాలుగు నెలలకి పనిలోకొచ్చాడు, ఎడమకాలు కర్రలా ఈడ్చుకుంటూ. వచ్చిన వారంలోనే పాత టైరు ముక్కలు కోసి నిచ్చెన కాళ్ళకి మేకులతో కొట్టాడు. తను ఇంక ఎక్కేది లేదు, ఎవరో ఎక్కేవాడి కోసం. నేను దూరంగా నిలబడి చూశాను. చేతులు కాలాక ఆకులంటారు, ఆ ఆకులు కూడా కాలినవాడే కోసుకొచ్చాడు. ఆయన కూర్చునే గది నుంచి గంట దాకా ముప్ఫై అడుగులు కూడా ఉండవు. అంతకు ముందు గంటకి ఒక్క నిమిషం అటూ ఇటూ అయ్యేది కాదు. ఇప్పుడు నిమిషం, నిమిషమున్నర ఆలస్యం. నేను అలవాటు కొద్దీ వాచీ చూసుకునేవాణ్ణి. ఒకరోజు అలా చూసుకుని తలెత్తితే ఆయన గంట దగ్గర నిలబడి నన్ను చూస్తున్నాడు. ఆ మర్నాటి నుంచి రెండు నిమిషాలు ముందే బయల్దేరేవాడు. వాచీ పెట్టుకోవడం మానేస్తే పోయేదానికి, నేను మానలేదు. ఆయన నడక మార్చుకున్నాడు.

ఆ దర్జీ వాళ్ళ పిల్ల సంగతా? అరసంవత్సరం పరీక్షలో ఈ లెక్కే ఇచ్చాను. సిగ్గు లేదా అంటే, లేదనే చెప్పాలి అప్పటికి. మార్చి ఇద్దామని కూడా అనుకున్నాను. మారిస్తే ఎందుకు మార్చారంటారేమోనని భయం. తప్పు చేసినవాడికి అన్నీ ప్రశ్నల్లాగే కనపడతాయి. ఆ పిల్ల లెక్కంతా సరిగ్గా చేసింది. కలపలేదు, తీసింది. నూట నలభై నాలుగు, పన్నెండు అడుగులు. కింద ఒక వరస రాసింది. "కానీ ఈ నిచ్చెన ఎవరూ ఎక్కకూడదు." నేను ఎర్ర పెన్నుతో ఆ వరస కొట్టేసి, పక్కన "అనవసరం" అని రాసి ఒక మార్కు తగ్గించాను. పేపర్లిచ్చిన రోజు అది చూసుకుంది. నాలుగు మడతలు పెట్టి పుస్తకంలో దాచుకుంది. మార్కు తక్కువైతే బల్ల దగ్గరికొచ్చి దెబ్బలాడే పిల్ల అది. ఆ రోజు రాలేదు.

ఒక్క అవకాశం వచ్చింది నాకు, అది కూడా చెప్పేస్తాను. గంటాయన పని మానేసే రోజున బళ్ళో చిన్న సభ పెట్టారు. తలా రెండు మాటలు చెప్పమన్నారు. ముందురోజంతా అనుకున్నాను, రేపు చెప్పేస్తాను, నిలబడి ఆ రోజు జరిగింది ఇదీ అంటాను, ఏం చేస్తారు, మహా అయితే తలకాయ దించుకుంటాను. కాగితం మీద రాసుకున్నాను కూడా. లేచాను. ఎదురుగా కొత్త చొక్కా వేసుకుని, వంగని కాలు ముందుకి చాపుకుని కూర్చున్నాడు. పక్కన వాళ్ళావిడ, ఎంత సంతోషంగా ఉందో. జేబులో కాగితం ఉంది. నోరు తెరిస్తే ఏం వచ్చిందనుకున్నావు? "గంటాయన లాంటి మంచి మనిషిని చూడలేదు. ఒక్క జాగ్రత్తే కాస్త తక్కువ, మోకాలే సాక్ష్యం" అన్నాను. నవ్వులాటగా అన్నాను. అందరూ నవ్వారు. పెద్ద మేస్టారు ముక్కుతో నవ్వాడు. గంటాయన కూడా నవ్వాడమ్మలూ. వాళ్ళావిడ ఆయన భుజం మీద ఒక్కటేసి, "విన్నావా, సారు కూడా అదే అంటున్నారు" అంది. అంటే అప్పటిదాకా ఆవిడకి కూడా చెప్పలేదన్నమాట. ఇంట్లో పెళ్ళానికి కూడా చెప్పలేదు. ఆ తర్వాత రెండేళ్ళకి పోయాడు. వెళ్ళాను. ఆవిడ అదే మాట, "మీరంటే ఎంత గౌరవమో ఆయనకి" అని.

లేదు, ఆవిడకీ చెప్పలేదు. ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నీకు చెప్పాను కదా అంటావేమో, ఇది చెప్పినట్టు కాదు. వినాల్సినవాళ్ళు ఉన్నప్పుడు చెబితే అది నిజం. వాళ్ళు పోయాక చెబితే మన బరువు దించుకోవడం. నీ నెత్తిన దించాను, పన్నెండేళ్ళ పిల్ల నెత్తిన. చూడలేదనుకోకు, ఇందాకటి నుంచి నువ్వు నా కాళ్ళ వైపు చూస్తున్నావు.

ఏది, పెన్సిలు తీసుకో. కలిపింది కొట్టెయ్, తీసి చూడు. నూట నలభై నాలుగు. వర్గమూలం? ఆ, పన్నెండు. తోకలేం రావు, శుభ్రంగా వస్తుంది. రాయి, పన్నెండు అడుగులు. కింద ఇంకేం రాస్తున్నావ్... సరే, రాసుకో. కొట్టేస్తే కొట్టేస్తారు. తర్వాతి లెక్క చదువు. ఊఁ. ఇరవై అయిదు అడుగుల నిచ్చెనా.

అది వదిలెయ్. దాని తర్వాతది చదువు.