బదులు మనిషి

అలా గోడ వైపు తిరిగి పడుకుంటే ఎవరికే నష్టం? పొద్దుటి నుంచి చూస్తున్నాను, ఆ పై మంచం దిగలేదు. నేను రేపు వెళ్ళిపోతున్నానని కోపమా? వెళ్ళక ఏం చేయమంటావు, నాలుగేళ్ళయింది. వారానికో సెలవు రోజు, అదీ నీ వీపు చూస్తూ గడపమంటావా?

దిగు. కాస్త ఈ బట్టలు మడతపెట్టు. సరే, వద్దులే, మడతలంటే నీకిప్పుడు ఒళ్ళు మండుతుంది. రోజుకి నాలుగు వందల బెడ్‌షీట్లు మడిచాక ఎవరికి మాత్రం మండదు? నేను చూడు, నా సొంత చీర మడుస్తూ కూడా అంచుకి అంచు సరిచూసి, మూల మీద అరచేత్తో రాస్తున్నాను. ఇంటికెళ్ళినా ఈ చేతులు ఊరుకునేలా లేవు.

రేపటి నుంచి ఈ కింద మంచం నీది. నేను గుమ్మం దాటగానే దుప్పటి పరిచేసుకో, లేకపోతే ఆ పొడుగామె షిఫ్టు నుంచి వచ్చి పడుకుండిపోతుంది. ఆమె భాష మనకి రాదు, మన భాష ఆమెకి రాదు, పోట్లాట మాత్రం సాఫీగా సాగుతుంది. బీరువాలో మధ్య అర నీకు. పొయ్యి దగ్గర మన వంతు ఎదురు మంచాల వాళ్ళిద్దరి తర్వాతే, ముందుకెళ్ళకు. ఇంకేముంది ఈ గదిలో చెప్పడానికి? కిటికీ ఉంది, తెరిస్తే పక్క బిల్డింగు గోడ. చెయ్యి చాపితే తగులుతుంది.

ఊరెప్పుడు చూపిస్తావక్కా అన్నావు వచ్చిన రోజు. ఏ ఊరే? నాలుగేళ్ళలో నేను చూసిన ఊరంతా బస్సు కిటికీలోంచి పావుగంట. హోటలు వెనక గేటు దగ్గర దింపుతాడు, అక్కణ్ణుంచి సెల్లార్‌లో మన లాండ్రీలోకి మెట్లు దిగడమే. బయట వాన పడిందో లేదో నాకు తువ్వాళ్ళు ఎత్తితే తెలుస్తుంది, బరువుంటాయి. ఎండలు ముదిరితే దిండు గలీబుల నిండా మొహానికి రాసుకునే క్రీము మరకలు. అదీ నేను ఊరు చూడ్డం. కొత్తలో అనుకున్నాను, ఒక సెలవు రోజు ఎటైనా నడిచి వెళ్ళిరావాలని. ఆ రోజు వచ్చేసరికి కాళ్ళు మంచం దిగనంటాయి.

మరి ఆ వీడియో సంగతేమిటంటావు. తెలుసు, నీ కడుపులో ఉన్నది అదే. గోడంత అద్దం, తెల్లటి పరుపు, కింద మెరిసే రోడ్లు. అది హోటల్లో ఏడో అంతస్తు గది. దుప్పట్లు ఇవ్వడానికి వెళ్ళి, దిగేవాళ్ళు రాకముందు రెండు నిమిషాల్లో తీశాను. ఇదే మా గది అన్నాను. నీకొక్కదానికే కాదు, అందరికీ అదే పంపాను. మనవాళ్ళలో పరాయి దేశం వెళ్ళిన వాళ్ళెవరైనా కష్టంగా ఉందని చెప్పడం నువ్వు విన్నావా? మన మావయ్య ఎనిమిదేళ్ళు గోడౌన్లో మూటలు మోసి, నడుం పడిపోయి తిరిగొచ్చాక కూడా, రాజాలా ఉన్నాననే చెప్పాడు. ఆ మాట పట్టుకుని మేనల్లుళ్ళు ముగ్గురూ బయల్దేరారు. వాళ్ళూ ఇప్పుడు రాజాల్లాగే ఉన్నారట.

కానీ నీకు పంపింది ఊరికే గొప్పకి కాదు.

సూపర్‌వైజరమ్మ ఉంది కదా, నడుముకి తాళాల గుత్తి. మన పాస్‌పోర్టులన్నీ ఆవిడ గది బీరువాలో ఉంటాయి. నేను మొదటి ఏడాది నుంచీ ఇంటికి పంపమని అడుగుతూ వచ్చాను. ఆవిడది ఒకటే మాట, నీ బదులు మనిషిని తెచ్చుకో, ఆమె కుదురుకున్నాక వెళ్ళు. ఎవరిని తేను? ఎవరిని పిలిచి, ఈ ఇస్త్రీ రోలర్ ముందు, ఈ ఆవిరిలో నిలబెట్టను? మనసొప్పక అడగడమే మానేశాను.

నేను వచ్చేటప్పుడు మా అమ్మాయికి మూడేళ్ళు. ఇప్పుడు ఏడు. మొన్నామధ్య ఫోన్ చేస్తే అదే తీసి, నాయనమ్మని కేకేసింది. ఏమనో తెలుసా? ఫోనమ్మ మాట్లాడుతోంది, రా, అంది. నాయనమ్మ దానికి అమ్మ. నేను ఫోనమ్మని. నవ్వు, పర్వాలేదు, మా ఆయన కూడా నవ్వాడు. ఆ సాయంత్రమే నీకు వీడియో పంపాను. కుట్టుమిషను తొక్కి తొక్కి మోకాళ్ళు పోతున్నాయక్కా అని అంతకు ముందు వారమే నువ్వు అని ఉన్నావు.

ఇదంతా నీకు సగం తెలిసిందే. నా బదులుగా వస్తున్నానని తెలిసే వచ్చావు. నీకు తెలియనిది ఇంకోటుంది. ఇటు తిరుగు. తిరగకపోయినా సరే, విను.

వచ్చిన రోజు నువ్వు సంతకాలు పెట్టిన కాగితాలు నా చేతికిచ్చి, ఏం రాశారో చెప్పక్కా అన్నావు. చెప్పాను. జీతం చెప్పాను, భోజనం చెప్పాను, ఎన్ని గంటలు పనో చెప్పాను. నాలుగో పేజీ తిప్పేశాను. అందులో ఏముందంటే, వచ్చిన పదిహేను రోజుల్లోపు ఈ పని నా వల్ల కాదని ఆఫీసులో ఒక్క మాట చెబితే చాలు, పాస్‌పోర్టు చేతిలో పెట్టి, టికెట్టు వాళ్ళే కొని పంపేయాలి. అడ్డు చెప్పడానికి లేదు. ఆ గడువు దాటితే రెండేళ్ళు. రెండేళ్ళని రాస్తారు గానీ, బదులు మనిషి దొరికేదాకా అని అర్థం.

ఇవాళ నీకు పదహారో రోజు.

తొమ్మిదో రోజు గుర్తుందా? రోలర్ తగిలి మణికట్టు కాలింది నీకు. బకెట్ మీద కూర్చుని ఏడుస్తూ, నన్ను ఆఫీసుకి తీసుకెళ్ళక్కా, చేయలేనని చెప్పేస్తాను అన్నావు. నీకు వాళ్ళ భాష రాదు. నేను చెబితేనే వాళ్ళకి తెలియాలి. ఆఫీసెంత దూరం, పది మెట్లు. నేనేం చేశాను? మందు రాశాను. గుడ్డ కట్టాను. అలవాటైపోతుందే పిచ్చిదానా, అన్నాను. నీ తల నిమురుతూ లోపల లెక్కపెట్టుకున్నాను, ఇంకా ఆరు రోజులు, ఇంకా ఆరు రోజులని. జాలి లేక కాదు. జాలి వేసింది. వేసినా చెప్పలేదు.

నాకు ముందు ఆ రోలర్ దగ్గర ఒకామె ఉండేది. నా చేతికీ ఆమే మందు రాసింది. నాలుగో పేజీ సంగతి విమానం ఎక్కబోతూ ఫోన్ చేసి చెప్పింది. నేను నీ మొహం మీదే చెబుతున్నాను, అదొక్కటే నా గొప్పతనం.

తిట్టవే. ఏదో ఒకటి అను. ఊరెళ్ళి మా అమ్మకేం చెప్తావని అడుగు. ఏం చెప్తాను, బాగుంది పిన్నీ, రాణీలా ఉంది అని చెప్తాను. ఆవిడ నలుగురికీ చెప్పుకుని మురిసిపోతుంది. నీ పేరు చెప్పి నాకు కాఫీ కూడా ఇస్తుంది.

ఏమిటీ? వినబడలేదు, గోడకి కాదు, నాకు చెప్పు.

మీ తోడికోడలా?

ఆమెకి ఇక్కడ పని దొరుకుతుందా అని అడుగుతున్నావా?

అబ్బా. నాలుగేళ్ళే! ఇంకొకరిని పిలుద్దామన్న మాట నా నోట్లోకి రావడానికి నాలుగేళ్ళు పట్టింది. నీకు నిమిషం పట్టలేదు. నిన్ను అనడానికి నాకు నోరెక్కడుంది గానీ, చిన్నప్పుడు చీమని తొక్కినా ఏడ్చేదానివి నువ్వు.

దొరుకుతుంది. ఎప్పుడూ దొరుకుతుంది. పిల్లలున్నారా ఆమెకి?

ఇద్దరా. అయితే వస్తుందిలే.