వెళ్ళిపోని ఆవిడకి

ఏమండీ, నవ్వుతారేం ఆ ఫొటోలోంచి? మీకేం, తొమ్మిదేళ్ళ కిందటే పోయి తప్పించుకున్నారు. ఏటా జూన్‌లో ముందు వరసలో కూర్చుని చచ్చేది నేను!

మన హాల్లోనే, మన సంసారం మీద మీరు రాసిన సంగీతమే. నలుగురు పిల్లలు వాయిస్తారు, అరవై మంది నా మొహంలోకి చూస్తారు. ఎక్కడ కళ్ళు తుడుచుకుంటానా అని! దగ్గొచ్చినా దగ్గడానికి లేదు.

ఇవాళ మీ పేరున పెట్టిన సంఘం అధ్యక్షుడు పాసిలా లేచాడు. "కెర్తు గారు వయోలా వాయించేవారు. తుర్కు నగరం ఆర్కెస్ట్రా నుంచి రమ్మని ఉత్తరం వస్తే, ఓస్మో గారి కోసం, ఈ ఇంటి కోసం మానుకున్నారు. 'వెళ్ళిపోని ఆవిడకి' అని ఆయన రాసుకున్న రెండో భాగం ఇప్పుడు వింటారు" అన్నాడు. నా పక్కావిడ అప్పుడే ముక్కు చీదింది!

బాగానే వాయించారు, కాదనను.

తరవాత కాఫీల దగ్గర వెన్లా అనే పిల్ల, వయోలా వాయించిందే, తిన్నగా నా దగ్గరికొచ్చింది. "ఒక్కసారి మీరు వాయించరూ మామ్మగారూ?" అంటూ వాయిద్యం నా ఒళ్ళో పెట్టేసింది. అందరూ చప్పట్లు!

ఆ పిల్ల మెడ తగిలిన చోట చెక్క ఇంకా వెచ్చగా ఉందండీ. గడ్డం కింద పెట్టుకున్నాను. కమాను ఎత్తాను కూడా. తీగ మీద ఆనించకుండానే దించేశాను. వయసనుకున్నారు అందరూ.

"వద్దమ్మా, ఇంట్లో ఇంకొకరు వాయిస్తే ఆయనకి గిట్టేది కాదు" అనేశాను.

పాపం, దాని మొహం మాడిపోయింది. మీ ఫొటో వంక ఒక చూపు చూసింది చూడండీ!

మీరెప్పుడన్నారు ఆ మాట? ఉత్తరం వచ్చిన రోజు అటక మీంచి పెట్టె దించింది మీరే కదా? "వెళ్ళు కెర్తూ, పిల్లల్ని నేను చూసుకుంటాను" అన్నది మీరే కదా? రైలు టికెట్టు కూడా తెచ్చారు. నేనే వంటింట్లో చతికిలబడి, "మిమ్మల్ని వదిలి ఎలా వెళ్తాను?" అని ఏడ్చాను. మీరు నమ్మారు. నమ్మి ఇది రాశారు. నలభై ఏళ్ళుగా ఇందులోనే పడి ఉన్నాను, బయటికి దారి లేదు.

భయమేసిందండీ. అంతే. అక్కడ నాకంటే బాగా వాయించేవాళ్ళుంటారని భయం. ఆ మాట మీకు చెప్పలేక మీ చాటున దాక్కున్నాను.

ఇవాళా అదే పని చేశాను, మీరు లేకపోయినా. వచ్చే ఏడైనా చెప్పెయ్యాలి.

చెప్పను లెండి.